చిట్యాలలో కొందామన్నా దొరకని తీపి

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక వచ్చే పెద్ద ఊరు చిట్యాల. పాతవాళ్ల నోట్లో అది ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. భువనగిరి నుంచి వచ్చే రోడ్డు ఇక్కడే హైవేలో కలుస్తుంది. బీబీనగర్-నడికుడి రైలు మార్గం వలిగొండ, రామన్నపేట మీదుగా ఊరిని తాకి నల్గొండ దిక్కు మళ్లుతుంది. ఇంకాస్త ముందుకు పోతే నార్కట్‌పల్లి, ఆ పక్కనే చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్ట. ఇన్ని దారులు కలిసే చోటు కాబట్టి బాటసారి ఆకలి ఈ ఊరికి బాగా తెలుసు. చాయ్, ఉస్మానియా బిస్కెట్, దిల్‌పసంద్, కేకు ముక్క, బిర్యానీ, మిర్చి బజ్జీ... ఏ వేళకు బండి దిగినా ఏదో ఒకటి వేడిగానే దొరుకుతుంది.

మలీద మాత్రం దొరకదు. బేకరీలో అడిగితే నవ్వుతారు, స్వీటు దుకాణంలో అడిగితే బూందీ లడ్డు చూపిస్తారు. అది ఇళ్లల్లో ఉండే తీపి. ఆ ఇళ్లల్లో కూడా ఏడాదికి రెండు మూడుసార్లే పెనమెక్కుతుంది.

గోధుమ రొట్టెనో సజ్జ రొట్టెనో మందంగా కాల్చి, వేడి దిగకముందే చేత్తో తుంచి నలిపి, దంచిన బెల్లం కలిపి, నెయ్యి పోసి ముద్దలు కట్టడం. మలీద అంటే ఇంతే. పాకం పట్టేది లేదు, నూనె మూకుడు పెట్టేది లేదు. అరిసెలంటే భయపడే కొత్త కోడలైనా మలీద ముద్ద కట్టగలదు.

పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ తొమ్మిదోనాటికి సద్దులకు చేరుతుంది. ఆ రోజు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఎన్ని కలిపినా మలీద ముద్దలు లేకపోతే గిన్నె వెలితిగానే ఉంటుంది. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మను చెరువులో సాగనంపి, ఆడవాళ్లు గట్టు మీదనే వాయినాలు ఇచ్చిపుచ్చుకుంటారు. అప్పుడు చేతుల్లో పడేది ఈ ముద్దే. ఎవరింటి మలీదలో నెయ్యి ఎంత పడిందో, ఎవరు నూనెతో సరిపెట్టారో ఆ సాయంత్రమే తేలిపోతుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగ అయింది. వేదికలు, మైకులు, లైట్లు వచ్చాయి. మలీదకు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుతో పని పడలేదు.

పీర్ల పండగకూ మలీదే. పీర్లు లేచినన్నాళ్లూ అలావ్ నిప్పుల గుంట దగ్గర కాళ్లు ఆడుతుంటాయి, డప్పులు మోగుతుంటాయి. ఊదు, బెల్లం షర్బతు, మలీద పట్టుకుని పీర్ల కొట్టానికి వచ్చేవాళ్లలో ముస్లింలు ఎందరో, మిగతా కులాలవాళ్లూ అందరు. ముజావర్ ఫాతెహా చదివి, కాస్త తీసుకుని, మిగిలింది గిన్నెలోనే తిరిగి ఇస్తాడు. ఈ పండగ వచ్చే మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి కొన్నేళ్లు ఎండల్లో, కొన్నేళ్లు వానల్లో, కొన్నేళ్లు చలిలో వస్తుంది. బతుకమ్మ మాత్రం వానాకాలం చివరి పూలను వదిలి కదలదు. గౌరమ్మకు కాల్చిన పెనం మీదే పీరుకూ రొట్టె కాలుతుంది. ఈ నేల గురించి పెద్ద పుస్తకాల్లో రాసిన మాటలకన్నా నాకు ఈ పెనమే ఎక్కువ నమ్మకం.

ఇలాంటి రొట్టె మనకొక్కరికే ఉందనుకోనక్కర లేదు. స్కాట్లాండ్‌లో ట్రీకిల్ స్కోన్ అని ఒకటుంది. చక్కెర శుద్ధి చేయగా మిగిలే నల్లటి చిక్కటి పాకమే ట్రీకిల్. గ్రీనాక్ రేవులో 1765లో మొదలైన చక్కెర శుద్ధి 1997 దాకా సాగింది. కరీబియన్ తోటల్లో బానిసలు నరికిన చెరకు నుంచి వచ్చిన పంచదార ఆ పట్నం ఎదుగుదలకు తోడైంది. ఆ నల్లపాకాన్ని గోధుమపిండిలో, మజ్జిగలో కలిపి కాలిస్తే స్కోన్. వంటసోడా రాకముందు స్కోన్లు ఇనుప పెనం మీద కాలిన పలుచటి రొట్టెలే, పిండి కూడా ఓట్సుదో బార్లీదో. అక్టోబరు చివర హాలోవీన్ రాత్రి ట్రీకిల్ పూసిన స్కోన్లను తాడుకు వేలాడదీసి, చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకునే ఆట పిల్లలు ఆడతారు. మన సద్దుల ముద్ద చెరువు గట్టు మీద చేతులు మారేది దానికి కాస్త ముందే.

తేడా అంతా బెల్లం దగ్గరే. మన దగ్గర బెల్లం కాచేటప్పుడు నల్లపాకాన్ని విడిగా తీయరు. కామారెడ్డి నుంచి, అనకాపల్లి నుంచి వచ్చే బెల్లంలో పసుప్పచ్చగా మెరిసేది చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ మెరుపుకోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. మలీదకు ముదురు రంగు బెల్లమే రుచి. అయితే మరీ నల్లదానికి తెలంగాణలో వేరే చరిత్ర ఉంది. గుడుంబా అనే నాటుసారా కాచేది దానితోనే కాబట్టి ఎక్సైజ్ శాఖ నల్లబెల్లం మీద, పటిక మీద కన్నేసి ఉంచుతుంది. అమ్మవార్లకు బెల్లాన్నే బంగారంగా ఇచ్చే మేడారం జాతరలో సైతం కొనేవాళ్ల ఆధార్ వివరాలు రాసుకున్న సందర్భాలున్నాయి. మలీదకోసం పావుకిలో కొనేవాళ్లను ఎవరూ ఆపరు గానీ, కిరాణం దుకాణదారు మంచి నల్లబెల్లం నిల్వ పెట్టడానికే జంకుతాడు. గోధుమరంగుది దొరికితే అదే తెచ్చుకోండి.

ఇక చేయడం. గోధుమపిండితో అయితే పావుకిలోకు 150 గ్రాముల బెల్లం. పిండి గట్టిగా కలిపి, పుల్కా కన్నా రెండింతల మందంగా ఒత్తి, సన్నటి మంట మీద రెండువైపులా కాల్చాలి. మాడిన మచ్చ ఒక్కటి పడినా ముద్దంతా చేదెక్కుతుంది. చేయి పట్టగలిగినంత వేడిలో తుంచి, రెండు అరచేతుల మధ్య నలపాలి. మిక్సీలో తిప్పేవాళ్లు ఎక్కువయ్యారు, వద్దని నా సలహా. మిక్సీ రొట్టెను పొడి చేసేస్తుంది, పంటికి తగలడానికేమీ మిగలదు. యాలకులు, సోంపు, వేయించిన పల్లీలు మీ ఇష్టం. బెల్లం మాత్రం రొట్టె వేడిలోనే కలవాలి, చల్లారితే ముద్ద నిలవదు.

సజ్జపిండితో చేసే తీపి రొట్టె ఇంకో దారి. స్కోన్‌కు దగ్గరి చుట్టం ఇదే. 100 గ్రాముల బెల్లాన్ని అర గ్లాసు నీళ్లలో కరిగేదాకా కాచి, వడగట్టి (ఇసుక, చెరకు పీచు తప్పకుండా ఉంటాయి), ఉడుకుడుకుగానే పావుకిలో సజ్జపిండిలో పోయాలి. సజ్జలో గోధుమకున్న జిగురు లేదు. ఉడుకు నీళ్లకు పిండి కాస్త ఉడికితేనే రొట్టె విరగకుండా సాగుతుంది. తడిబట్ట మీద చేత్తో తట్టి, పైన నువ్వులు అద్ది, పెనం మీద వేసి మూత పెట్టాలి. మంట పెంచితే పిండి ఉడకకముందే బెల్లం మాడుతుంది. అంచుల వెంట నెయ్యి చుక్కలు వేస్తూ, ఒకసారి మాత్రమే తిప్పండి. జొన్న రొట్టెతోనూ కొందరు మలీద చేస్తారు. నాకు అది పొడిపొడిగా తోస్తుంది. జొన్న రొట్టె జాగా అంకాపూర్ కోడికూర పక్కన, లేదంటే పచ్చి పులుసు పక్కన.

ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్లు స్కోన్ కూడా చేసి చూడొచ్చు. పావుకిలో గోధుమపిండిలో టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా కలిపి, 50 గ్రాముల చల్లటి వెన్నను వేళ్లతో రవ్వలా రుద్దాలి. చిక్కటి బెల్లం నీళ్లు రెండు పెద్ద చెంచాలు, పుల్లటి మజ్జిగ తగినంత పోసి, పిసక్కుండా దగ్గరకు చేర్చి, అంగుళం మందం బిళ్లలు కోసి, 220 డిగ్రీల వేడిలో 12 నిమిషాలు ఉంచితే చాలు. పొంగించేది బేకింగ్ పౌడరు, మజ్జిగ పులుపుతో కలిసిన సోడా విడిచే గాలే. బాగుంటుంది. అయినా మలీద తిన్న నాలుకకు వెన్న వాసన ఎక్కువ, బెల్లం రుచి తక్కువ అనిపిస్తుంది.

అసలు చిక్కు పిండి దగ్గర ఉంది. ఈ మెట్ట నేలల్లో ఒకప్పుడు జొన్న, సజ్జ, కంది, ఆముదం. ఇప్పుడు బోరు పారిన చోట వరి, బత్తాయి. పారని చోట పత్తి. చేలల్లో కలుపుమందు కొట్టడం పెరిగాక గునుగు పువ్వుకూ వెతుకులాటే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక సజ్జపిండి ప్యాకెట్లు సూపర్ మార్కెట్లకు వచ్చాయి. ఆ ప్యాకెట్‌తో మలీద చేసి చేదని పక్కన పెట్టినవాళ్లు కొందరున్నారు. తప్పు సజ్జది కాదు. దానిలో కొవ్వు ఎక్కువ. పట్టించిన కొద్ది రోజుల్లోనే ఆ కొవ్వు చెడి చేదెక్కుతుంది. మన పెద్దలు వారానికి సరిపడా మాత్రమే గిర్నీ పట్టించింది అందుకే.

కాబట్టి సద్దుల దాకా ఆగకండి. వచ్చే ఆదివారం కిలో సజ్జలు మాత్రమే గిర్నీకి పంపి, ఆ వారంలోనే రొట్టె కాల్చండి. చిట్యాల రోడ్డు మీది హోటళ్లవాళ్లకూ ఒక మాట: చాయ్ గ్లాసు పక్కన ఉస్మానియా బిస్కెట్ ఎలాగూ ఉంది. ఇంకో సీసాలో నాలుగు మలీద ముద్దలు పెట్టి చూడండి. విజయవాడ బస్సు దిగినవాళ్లు ఇదేంటని అడుగుతారు, నల్గొండ బస్సు దిగినవాళ్లు అడక్కుండానే కొంటారు.