డిజైనుల కొట్టు కొత్త ఫైలును పుచ్చుకొననప్పుడు

వెనుక మన ఇండ్లలో డిజైను అనగా ఒక గ్రాఫు కాగితము, దాని వెంట జాకార్డు అట్టల దండ. అట్ట చినిగినచో కంటికి కనబడెడిది. ఎలక్ట్రానిక్ జాకార్డు వచ్చిన చోట్ల ఆ అట్టలు లేవు. డిజైను కంప్యూటరులో ఫైలుగా ఉండును. అన్న అంచు దిద్దును, వదినె రంగు మార్చును, పొరుగూరిలో ఉన్న తమ్ముడు కొంగు చేర్చును. ఎవరు ఏనాడు ఏమి మార్చినదీ వరుసగా దాచిపెట్టుటకు గిట్, సబ్‌వర్షన్ అను సాధనములు కలవు. సబ్‌వర్షన్ పని 2000లో ఆరంభమైనది. గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ పనికొరకు చేసెను. ఇవి ప్రోగ్రాములు వ్రాయువారికై పుట్టినవే గాని, ఏ ఫైలునైనను దాచును. దాచు చోటును రిపాజిటరీ అందురు. మనము కొట్టు అనుకొందము.

ఈ కొట్టు ఒక్కొక్కనాడు పాత సరకును చూపును గాని కొత్తదానిని లోనికి రానీయదు. మేమెరిగిన ఒక ఇంట ఇట్లు జరుగగా, చిన్నవాడు విసిగి కొట్టు ఫోల్డరునే తీసివేసి కొత్తది పెట్టినాడు. నాటి ఫైళ్లు మిగిలినవి. కాని ఆర్డరిచ్చిన వర్తకుడు ఒప్పుకొన్న అంచు ఏది, అటుపిమ్మట దిద్దినది ఏది అను వరుస అంతయు పోయినది. నూలుకు అద్దకము ముగిసియున్నది. ఏ అంచు నేయవలెనో తెలియక 2 మగ్గములు నిలిచిపోయినవి. అసలు లోపము అరగంటలో సరిపడునది.

కనుక మొదట చేయవలసినది ఏదియు తీసివేయకుండుట. చదువుటకు వీలున్నంతవరకు కొట్టునంతను వేరొక డిస్కులోనికి నకలు తీసికొని, తరువాత తెరపై వచ్చిన మాటలలో చివరి వరుస చదువవలెను. కారణము సాధారణముగా అక్కడనే ఉండును.

‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ అని, దానితో ‘ఇండెక్స్.లాక్’ అను పేరు వచ్చినచో అది తాళపు ఫైలు. గిట్ తన పట్టీని మార్చుటకు ముందు ఈ ఫైలును పెట్టి, పని కాగానే దానినే పట్టీ స్థానములోనికి మార్చును. నడుమ కరెంటు పోయినచో తాళము అట్లే నిలిచిపోవును. వేరొక కిటికీలో గిట్ ఏదైన పని చేయుచున్నదేమో చూచి, ఏదియు లేదని తేలిన పిమ్మట ఆ ఒక్క ఫైలును మాత్రమే తీసివేయవచ్చును. పని నడుచుచుండగా తీసినచో పట్టీ చెడును.

ఎక్కువ మందిని ఏడిపించునది ‘పర్మిషన్ డినైడ్’. ఒకే కొట్టును నలుగురు వాడుచోట ఇది తరచు వచ్చును, వచ్చు తీరును వింతగా ఉండును. ఉదయము పంపినది చేరును, మధ్యాహ్నము పంపినది చేరదు, అన్న పంపినచో చేరును, తమ్ముడు పంపినచో ఒకసారి చేరి ఒకసారి చేరదు. యంత్రము చెడినదని అనుకొందురు. చెడలేదు. గిట్ ప్రతి సరకుకును దాని లోపలి విషయమును బట్టి సాధారణముగా 40 అక్షరముల పేరు కట్టును. ఆ పేరులో వాడు గుర్తులు 16. మొదటి 2 గుర్తులను బట్టి సరకు ఏ గదిలోనికి పోవునో తేలును. 16ను 16తో హెచ్చింపగా 256 గదులు. గది ముందుగా ఉండదు, మొదటి సరకు వచ్చిన నాడు పుట్టును, తెచ్చినవాని పేరనే పుట్టును. ఆ గదిలో ఇతరులకు వ్రాయు అనుమతి లేకున్నచో, తమ్ముని సరకు ఆ గది పాలబడిన నాడు త్రిప్పి పంపబడును. వేరొక గది పాలబడిన నాడు చేరును.

మేమును ఈ తప్పు చేసినాము. ఒకనాడు తొందరలో ‘రూట్’ అను సర్వాధికారపు అకౌంటుతో ఒక మార్పు కొట్టులో వేసితిమి. ఆనాడు పుట్టిన గదులన్నియు రూట్ పేరనే నిలిచినవి. వారము దినములు ఇంటిలో ఒకరినొకరు అనుమానించుకొన్నాము.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనవలెను. లినక్స్‌లో కొత్త ఫైలు పెట్టుటకు కావలసిన అనుమతి గదికి గాని, అందులోని సరకుకు కాదు. గదిలోని ఫైళ్లు చదువుటకు మాత్రమే అన్నట్లు కనబడును. గిట్ వానిని కావలెననియే అట్లు ఉంచును. వానిని చూచి కంగారుపడి మార్చనక్కరలేదు.

సరిచేయు విధమిది. కొట్టు వాడువారందరిని ఒక గ్రూపుగా చేర్చి, కొట్టులోని ఫోల్డర్లు, ఫైళ్లు అన్నియు ఆ గ్రూపు పేర మార్చవలెను. ఫోల్డర్లకు గ్రూపు వ్రాయు అనుమతి ఈయవలెను. వానికి ‘సెట్‌జిఐడి’ గుర్తు పెట్టవలెను. దానివలన ఇకముందు పుట్టు గదులును ఆ గ్రూపుకే చెందును. పిమ్మట గిట్ అమరికలలో ‘కోర్.షేర్డ్‌రిపాజిటరీ’ అనుదానిని ‘గ్రూప్’ అని ఉంచవలెను. ఈ కడపటిది మరచినవారికే కొంతకాలమునకు పాత జబ్బు తిరుగబెట్టును. కొందరు ఇదంతయు మాని అందరికీ అన్ని అనుమతులు ఇచ్చివేయుదురు. ఆనాటికి పని జరుగును. కాని ఆ యంత్రములో అకౌంటున్న ఎవ్వడైనను కొట్టును తుడిచివేయవచ్చును, రేపు పుట్టు గది మరల పాత పద్ధతినే పుట్టును. మేము దీనిని ఒప్పుకొనము.

2022 నుండి గిట్ మరియొక జాగ్రత్త చూపుచున్నది. కొట్టు వేరొక అకౌంటు పేర ఉన్నచో ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అని చెప్పి పని ఆపును. నమ్మిన కొట్టే అయినచో, దానిని తన ‘సేఫ్.డైరెక్టరీ’ జాబితాలో ఎవరికి వారు చేర్చుకొనవలెను.

సబ్‌వర్షన్‌లో గదుల లెక్క వేరు గాని జబ్బు ఒకటే. ‘డిబి’ ఫోల్డరులోని తాళపు ఫైలును తెరువలేకపోతిననును. ఒకరు వెబ్ సర్వరు ద్వారా, మరియొకరు నేరుగా ఫోల్డరులోనికి వచ్చినచో రెండు అకౌంట్ల పేర ఫైళ్లు పుట్టి ఒకదానికొకటి అడ్డుపడును. అందరును ఒకే వాకిట రావలెను.

‘నో స్పేస్ లెఫ్ట్’ అన్నచో డిస్కు నిండినది. డిజైను బొమ్మలు పెద్దవి గనుక ఇది త్వరగానే వచ్చును. అప్పుడు గిట్‌లోని ‘జిసి’ అను ఊడ్పు పని వెంటనే నడుపరాదు. అది కొత్త మూట కట్టిన తరువాతనే పాతదానిని విడుచును, కట్టుటకే చోటు కావలెను. ముందు వేరే ఫైళ్లు జరిపి చోటు చేయవలెను. చోటున్నట్లే చూపుచు ఇదే మాట వచ్చినచో, ఆ డిస్కు పట్టగల ఫైళ్ల సంఖ్య ముగిసినదేమో చూడవలెను.

విండోస్ వాడువారికి చిక్కులు వేరు. డిజైను ప్రోగ్రాములో ఫైలు తెరచియుండగా గిట్ దానిని మార్చలేకపోవచ్చును. ప్రోగ్రాము మూసినచో చాలును. ఫోల్డరులో ఫోల్డరు పెట్టి పేరు 260 అక్షరములు దాటినను ఆగవచ్చును. కొట్టును ఇంటర్నెట్ నకలు ఫోల్డర్లలో మాత్రము ఉంచవద్దు. రెండు యంత్రములు ఒకే సమయమున మార్చినచో కొట్టు చెడిన సందర్భములు కలవు.

సరిచేసిన తరువాత ఒక్కరు పంపినది చేరినదని లేచిపోరాదు. ఆ సరకు మంచి గదిలో పడియుండవచ్చును. గ్రూపుకు వ్రాయు అనుమతి లేని ఫోల్డర్లు ఇంకను ఏవైన ఉన్నవేమో జాబితా తీయవలెను. జాబితా ఖాళీగా వచ్చినచో గిట్‌లోని ‘ఎఫ్‌ఎస్‌సికె’ పరీక్ష నడిపి, ప్రతివారును తమ తమ అకౌంటు నుండి ఒక చిన్న మార్పు పంపి చూచుకొనవలెను.