పాత హార్డ్ డిస్కును లినక్స్‌లో చదవడం

విండోస్ నడిచిన పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కును లినక్స్ నిర్వాహక వ్యవస్థ గల మరొక కంప్యూటరుకు కలిపి, అందులోని ఫైళ్ళను తిరిగి పొందవచ్చును. ఇందుకు రెండు అంశాలు కుదరాలి. మొదటిది డిస్కును కంప్యూటరుకు కలిపే తీగ. రెండవది డిస్కుపై ఫైళ్ళను అమర్చే పద్ధతి, అనగా ఫైల్ సిస్టమ్.

డిస్కును కలపడం

2003 ప్రాంతంలో సాటా డిస్కులు వచ్చేవరకు ఇళ్ళలోని కంప్యూటర్లలో ఎక్కువగా ఐడీఈ డిస్కులే ఉండేవి. 3.5 అంగుళాల ఐడీఈ డిస్కు వెనుక 40 పిన్నుల వరుస ఉంటుంది. నేటి మదర్‌బోర్డులలో దీనికి చోటు లేదు కనుక యూఎస్‌బీ అడాప్టరు వాడతారు. ఈ డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీ తీగ సాధారణంగా 5 వోల్టులే ఇస్తుంది కాబట్టి అడాప్టరుకు వేరే విద్యుత్ సరఫరా ఉండాలి. డిస్కు వెనుకనున్న జంపరును సాధారణంగా మాస్టర్ స్థానంలో ఉంచుతారు.

ఫైల్ సిస్టమ్

1996లో విండోస్ 95 సవరించిన రూపంతో వచ్చిన ఫ్యాట్32ను లినక్స్ నేరుగా చదువుతుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌పై రాయడానికి 2007లో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ స్థిరమైన రూపంలో వెలువడింది. 2021 నాటి లినక్స్ కెర్నల్ 5.15లో ఇందుకు మరొక డ్రైవరు చేరింది. ఫైళ్ళు తెరుచుకున్నప్పటికీ, విండోస్ కొరకు తయారైన ప్రోగ్రాములు లినక్స్‌లో నేరుగా నడవవు.

జాగ్రత్తలు

* డిస్కును మొదట చదవడానికి మాత్రమే అనుమతించే విధంగా మౌంట్ చేయాలి.
* ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగితే అంగీకరించరాదు.
* డిస్కు నుండి టకటక శబ్దం వస్తుంటే వెంటనే ఆపివేయాలి. పదేపదే ప్రయత్నిస్తే మిగిలిన సమాచారం కూడా పోవచ్చు.
* డిస్కు బలహీనంగా ఉంటే డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తం నకలు తీసుకుని, ఆ నకలులోనే ఫైళ్ళను వెదకాలి.

తెలుగు ఫైళ్ళు

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు అక్షరాలను ఆంగ్ల అక్షరాల, చిహ్నాల స్థానాలలో అమర్చిన ఫాంట్లు వాడేవారు. అటువంటి ఫైలు కొత్త కంప్యూటరులో తెరుచుకున్నా, ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని గుర్తులే కనబడతాయి. ఫైలు చెడిపోయిందని భావించి దానిని తొలగించరాదు. పాత డిస్కులోని విండోస్ ఫోల్డరులో ఉండే ఫాంట్స్ ఫోల్డరును కూడా నకలు చేసుకుంటే మూలపాఠాన్ని చదవవచ్చును. తరువాత ఆ ఫాంటుకు తగిన మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, మూల ఫైలును కూడా భద్రపరచాలి.