లిస్పు కంపైలరు – హెడరు ఫైళ్ల జాడ

1984 ప్రాంతమున జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమునందు తాయిచి యువాసా, మసామి హగియా అను శాస్త్రజ్ఞులు నిర్మించిన క్యోటో కామన్ లిస్పు, తన కొప్పగించిన ప్రోగ్రామును నేరుగా యంత్రభాషలోనికి మార్చక, మొదట ‘సి’ భాషలోనికి మార్చి, పిమ్మట దానిని ఆ యంత్రముపై నున్న ‘సి’ కంపైలరునకు అప్పగించెడిది. ‘సి’ కంపైలరు లేని యంత్రము అరుదు గావున, లిస్పును క్రొత్త యంత్రములకు చేర్చుట దీనివలన ఎంతయో సుకరమయ్యెను. ఆ వంశమునకే చెందిన ఇ.సి.ఎల్. నేటికిని ఈ పద్ధతిని విడువలేదు.

ఈ సౌకర్యము వెంట ఒక చిక్కు కలదు. పుట్టిన ‘సి’ ఫైలు తన తొలి పంక్తులలోనే ‘ఇంక్లూడ్’ అను ఆజ్ఞతో హెడరు ఫైళ్లను కోరును. ఆ పేరు జంట ఉద్ధరణచిహ్నముల నడుమ నున్నచో జి.సి.సి. అను ‘సి’ కంపైలరు మొదట ఆ ఆజ్ఞ గల ఫైలున్న డైరెక్టరీలోను, అచట లేనిచో ‘-ఐ’ అను సూచనతో తెలిపిన డైరెక్టరీలలో వరుసగాను, తుదకు వ్యవస్థాస్థానములలోను వెదకును; కోణచిహ్నముల నడుమ నున్నచో ఆ మొదటి చోటును చూడనే చూడదు. తన హెడరును లిస్పు ఫైలు ప్రక్కనే యుంచి నిశ్చింతగా నున్న రచయితకు, ‘సి’ ఫైలు వేరొక డైరెక్టరీలో జన్మింపవచ్చునన్న సంగతి తోచదు. ‘సి’ కంపైలరునకు ఆ లిస్పు ఫైలు ఉనికియే తెలియదు. దోషమంతయు ఈ ఎడబాటుననే యున్నది.

హెడరున్న చోటును ‘-ఐ’తో తెలుపుటయే నివారణోపాయము, అయినను సాపేక్షమార్గము నిచ్చినచో, అది కంపైలరు ఏ డైరెక్టరీనుండి నడచుచున్నదో దానిని బట్టి మారును గావున, ఒకచోట ఫలించినది మరొకచోట విఫలమగును. కంపైలగుచున్న ఫైలు యొక్క సంపూర్ణమార్గమును తెలుపు ‘కంపైల్-ఫైల్-ట్రూనేమ్’ అను చరరాశి కామన్ లిస్పులో నున్నది. దానినుండి డైరెక్టరీని గ్రహించి సంపూర్ణమార్గముగనే అందించుట ఉత్తమము.

హెడరు దొరకకపోవుటకంటె తప్పు హెడరు దొరకుటయే ప్రమాదకరమని నా దృఢవిశ్వాసము. దొరకనిచో కంపైలరు ఆ హెడరు పేరు చెప్పి నిలిచిపోవును. పూర్వమెన్నడో స్థాపించిన పాత లిస్పు హెడరు ముందుగా దొరికినచో, పని నిరాటంకముగా ముగిసి, అందలి దత్తాంశ నిర్మాణములకును నడచుచున్న లిస్పులోని నిర్మాణములకును గల పరిమాణభేదము వలన, ప్రోగ్రాము ఎప్పుడో కారణము తోచని రీతిని కుప్పకూలును. జి.సి.సి.కి ‘-వి’ అను సూచన నిచ్చిన అది వెదకు డైరెక్టరీల పట్టికను, పెద్ద అక్షరముతో ‘-హెచ్’ నిచ్చిన వాస్తవముగా తెరచిన ప్రతి హెడరు పేరును ముద్రించును. వీనిని చూడక ‘-ఐ’లను పెంచుకొనుచు పోవుట వ్యర్థము, ఏలయన, తాను వ్యవస్థాస్థానముగా మునుపే ఎరిగిన డైరెక్టరీని ‘-ఐ’తో మరల తెలిపినను జి.సి.సి. దానిని గణింపదు, వెదకు వరుసయు మారదు.