కోళ్ల పెంట వాసన తగ్గించే ఖనిజాలు



హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ, యాకుత్‌పురా వంటి పేటలలో ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పెరటి పెంపకానికి అనువైన వనరాజా కోళ్లు దగ్గరలోనే, రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందినవే. కాని ఇరుకు గల్లీలో పది కోళ్లున్నా వానాకాలం పెంట కంపు కొడుతుంది. పొరుగువారు కోళ్లు తీసేయమంటారు. తీసేస్తే గుడ్ల డబ్బు పోయినట్లే. ఊళ్లలో షెడ్లు వేసిన రైతులకూ ఇదే తగవు.

ఈ వాసన ఎక్కడిది? కోడి మూత్రం వేరుగా పోయదు. రెట్టమీద తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి తగిలితే సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మారుస్తాయి. కళాయి వేసేవారు నవాసాగరం చల్లినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు వంటిదే ఇది. గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించితే కోళ్ల కండ్లకు, ఊపిరితిత్తులకు చేటు. పైగా అమ్మోనియాలో ఉన్నది నత్రజనే. పొలానికి పోవలసిన ఎరువు గాలిలో కలిసిపోతున్నదన్నమాట.

వాసన రాగానే కొందరు సున్నమో, బూడిదో చల్లుతారు. తడి పెంట మీద ఇది తగదు. ఇవి క్షారాలు, క్షారం పెరిగినకొద్దీ అమ్మోనియా ఇంకా జోరుగా లేస్తుంది. సున్నాన్ని పెంట ఎత్తివేశాక గోడలకు వాడండి.

పెంటకు మేలు చేసేవి రెండు. ఒకటి, వేరుశనగ రైతులెరిగిన జిప్సం. ఇది అమ్మోనియాను అమ్మోనియం సల్ఫేటుగా మార్చి పట్టి ఉంచుతుంది. రెండవది, కోస్తాలో రొయ్యల చెరువులకు చల్లే జియోలైటు. ఈ రాతిపొడిలోని సన్నని రంధ్రాలు అమ్మోనియాను పట్టుకొని, పొలంలో మెల్లగా వదులుతాయి.

చేయవలసిన పని ఇది. ముందు నీటి తొట్ల కారుడు ఆపండి. తడిసిన పెంట ఎత్తివేసి ఎండు ఊక పరచండి, రోజూ తిరగవేయండి. పిడికిట పట్టి వదిలితే ముద్దకట్టక పొడిపొడిగా రాలాలి. అటుపైన 10 కిలోల పెంటకు 1 కిలో చొప్పున జిప్సం గాని, జియోలైటు గాని కలిపి చూడండి. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నీరు నిలిచిన పెంటలో మాత్రం జిప్సం వేయరాదు; గాలి ఆడని చోట అది కుళ్లిన గుడ్డు వాసన పుట్టిస్తుంది, ఆ వాయువు విషం.

విస్తరణ సోదరులు ఒక చిన్న ప్రదర్శన చేయవచ్చు. రెండు మూకుళ్లలో తడి పెంట తీసుకొని, ఒకదానిలో సున్నం, రెండవదానిలో జిప్సం కలిపి మూత పెట్టండి. ఒక గంట తరువాత ఆరుబయట మూత తీసి, దూరం నుంచే వాసన చూడమనండి. తేడా ఎవరికి వారికే తెలుస్తుంది.