సహవాసం, పొత్తు, చందా: క్రైస్తవ ఆరాధన ప్రయోజనం, తెలుగు సంఘాల అనుభవం

క్రైస్తవ ఆరాధన అనగానే పాట, ప్రార్థన, ప్రసంగం గుర్తుకు వస్తాయి. ఇవన్నీ దేవుని స్తుతికి ఉద్దేశించినవన్నది విశ్వాసులందరూ అంగీకరించే విషయమే. అయితే స్తుతి ఇంట్లో ఒంటరిగా కూర్చుని కూడా చేయవచ్చు. అలాంటప్పుడు అందరూ ఒకచోట కూడవలసిన అవసరం ఏమిటి? కొత్త నిబంధన ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానంలో కీలకమైన పదం గ్రీకులోని 'కొయినోనియ'. తెలుగు బైబిలులో ఈ పదం పొందిన రూపాలను పరిశీలిస్తే ఆరాధన ప్రయోజనం కొంత స్పష్టమవుతుంది.

తొలి విశ్వాసులు అపొస్తలుల బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో నిలకడగా ఉన్నారని అపొస్తలుల కార్యములు 2:42 చెబుతుంది. వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో ఇక్కడ 'కొయినోనియ'కు 'సహవాసము' అని అనువాదం. మాసిదోనియ, అకయ విశ్వాసులు యెరూషలేములోని పేదలకు సొమ్ము కూర్చిన సందర్భంలో (రోమా 15:26) అదే పదం 'చందా' అయింది. వెలుగుకూ చీకటికీ ఏమి సంబంధమని అడిగే చోట (2 కొరింథీ 6:14) 'పొత్తు' అయింది. హెబ్రీ 13:16లో 'ధర్మము'గానూ, ప్రభువు పాత్రను గురించి చెప్పే 1 కొరింథీ 10:16లో 'పాలుపుచ్చుకొనుట'గానూ కనిపిస్తుంది. అనువాదకులను తప్పుపట్టవలసిన పని లేదు. ప్రతిచోటా సందర్భోచితమైన మాటే పడింది. కాని దీనివల్ల తెలుగు పాఠకుడికి ఒక నష్టం జరిగింది. రొట్టెలో పాలుపొందడం, పేదవాడికి చందా ఇవ్వడం, తోటివారితో కలిసి ఉండడం ఒకే క్రియకు మూడు ముఖాలన్న సంగతి మరుగున పడింది. 'చెడు సహవాసం' అనే వాడుకకు అలవాటుపడిన చెవికి సహవాసమంటే స్నేహం, కాలక్షేపం అనే స్ఫురిస్తుంది. ఈ అయిదింటిలో మూలానికి అత్యంత సమీపంగా ఉన్నది 'పొత్తు' అని చెప్పాలి. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి వ్యవహారం అనే అర్థాలతో పాటు 'పొత్తున కుడవడం' అన్న పాత వాడుకలో కలిసి భుజించడం అనే అర్థం కూడా ఈ మాటకు ఉంది.

కలిసి భుజించడం దగ్గరే ఆరాధన మొదటి పరీక్షను ఎదుర్కొంది. కొరింథులోని సంఘం ఇళ్లలో కూడేది. ప్రభు రాత్రి భోజనం ఆ రోజుల్లో చిటికెడు రొట్టెతో ముగిసేది కాదు, పూర్తి భోజనంతో కూడి ఉండేది. కలిగినవారు ముందుగా తిని, తాగి మత్తులై ఉండగా లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. దీనిని పౌలు మర్యాదలోపంగా పరిగణించలేదు. అలా తినేది ప్రభు భోజనమే కాదని తేల్చి చెప్పాడు (1 కొరింథీ 11:20-22). అక్కడ పలికిన మంత్రంలో దోషం ఉందని ఆయన అనలేదు. దోషం పంక్తిలో ఉంది. అదే లేఖ 14వ అధ్యాయంలో పాటకూ, ప్రవచనానికీ, భాషలకూ ఒకటే గీటురాయి పెట్టాడు: అది సంఘానికి క్షేమాభివృద్ధి కలిగించాలి. ఇతరులకు అర్థం కాని భాషలో మాట్లాడేవాడు, అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండాలి. దేవునికి అర్పించే ఆరాధన విలువను పక్కన ఉన్న మనిషికి కలిగే మేలుతో కొలవడం సాధారణమైన విషయం కాదు.

క్రీ.శ. 150 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ రాసిన విజ్ఞాపనలో ఆదివారపు ఆరాధన వర్ణన ఉంది. లేఖన పఠనం, ఉపదేశం, ప్రార్థన, తరువాత రొట్టె, నీరు కలిపిన ద్రాక్షారసం. రాలేకపోయిన వారి వాటాను డీకనులు ఇళ్లకు తీసుకువెళ్లేవారు. ఇష్టపడి ఇచ్చిన సొమ్ము అధ్యక్షుని దగ్గర ఉండేది. దానితో ఆయన అనాథలను, విధవలను, రోగులను, చెరలో ఉన్నవారిని, పరదేశులను ఆదుకునేవాడు. తెలుగు బైబిలులో విడిపోయిన సహవాసం, పాలు, చందా ఇక్కడ ఒకే కూడికలో భాగాలుగా ఉన్నాయి.

తెలుగు నేలలో పంక్తి కులాన్ని బట్టి నిర్ణయమయ్యేది కనుక ఈ సమస్య మరింత తీవ్రమైంది. ఒంగోలు బాప్టిస్టు సంఘం 1867లో ఎనిమిది మందితో ఏర్పడింది. ఆ తొలి రోజుల్లో మాదిగలు చేరడం మొదలుకాగానే, వారిని తీసుకుంటే తాము రామని అగ్రవర్ణాల వారు స్పష్టం చేశారు. మిషనరీ జాన్ క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 ఎదురైందని, దానితో మాదిగలను చేర్చుకోవడానికే నిశ్చయించారని ఆ మిషను చరిత్ర చెబుతుంది. లోకం నీచులుగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే వచనాలవి. పంక్తిని గురించి హెచ్చరించిన లేఖే ఇక్కడ కూడా ఆధారమైంది. 1876-78 కరవులో సహాయపు పని సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపివేశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇలా చేరినవారిలో అక్షరజ్ఞానం లేనివారే అధికం. కీర్తన వీరికి ఆరాధనలో పాలు ఇచ్చింది. పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి వారి రచనలలో చరణం ఒకరు పాడితే పల్లవిని సంఘమంతా అందుకోగలదు. పుస్తకం చదవలేనివాడు ఇక్కడ శ్రోతగా మిగలడు.

అయితే పంక్తి సమస్య బాప్తిస్మంతో తీరిపోలేదు. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులలో మాదిగలు, గుంటూరు లూథరనులలో మాలలు అధికంగా ఉండడం వల్ల సంఘాల మధ్య గీత చాలాచోట్ల కులాల మధ్య గీతతో కలిసిపోయింది. రెండు పేటలకు రెండు మందిరాలున్న గ్రామాలు నేటికీ ఉన్నాయి. క్రైస్తవ వివాహ ప్రకటనలలో కులం పేరు కనిపించడం ఎవరికీ ఆశ్చర్యం కలిగించదు. ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవారు వియ్యం దగ్గర విడిపోతే, పౌలు వేసిన ప్రశ్నకు సమాధానం ఇంకా బాకీ ఉన్నట్టే. దీనికి భిన్నమైన ప్రయత్నాలు లేకపోలేదు. భక్తసింగ్ (1903-2000) హైదరాబాదు కేంద్రంగా నడిపిన హెబ్రోను సహవాసాలలో ఆరాధన తరువాత అందరూ కూర్చుని భోంచేసే 'ప్రేమవిందు' కూడికలో భాగమైంది. వేదాంత గ్రంథాలలో దీనికి దక్కిన చోటు తక్కువే. సహపంక్తి అరుదైన సమాజంలో వారం వారం జరిగే ఈ భోజనం ప్రసంగం కన్నా ఎక్కువ పని చేసి ఉండవచ్చు.

2020లో మందిరాలు మూతపడ్డాక ఆరాధన ఫోను తెరపైకి వచ్చింది. ప్రసంగం, పాట ఇబ్బంది లేకుండా తెరకు చేరాయి. చందా కూడా క్యూఆర్ కోడ్ ద్వారా చేరింది. ఎవరింట్లో వారు రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసుకుని తీసుకోవచ్చా అన్న చోట మాత్రం చర్చ తలెత్తింది. మందిరాలు తెరిచిన తరువాత కూడా తెర ముందే ఉండిపోయిన విశ్వాసులున్నారు. వృద్ధులకూ, రోగులకూ అది నిజంగా మేలే. జస్టిన్ కాలంలోనూ రాలేనివారు ఉండేవారు. అయితే వారి వాటాతో ఒక మనిషి గడప దాకా వెళ్లేవాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో కూడా అతడు చూసి వచ్చేవాడు.