కూల్చివేత నుంచి కచేరీల దాకా

అమెరికాలోని అట్లాంటాలో, పీచ్‌ట్రీ స్ట్రీట్‌లో గుమ్మటాలు, మినార్లతో ఓ పెద్ద కట్టడం కనిపిస్తుంది. కొత్తవాళ్లు మసీదనుకుంటారు. అది ఫాక్స్ థియేటర్. ష్రైనర్లనే సోదర సంఘం తన కేంద్ర కార్యాలయంగా, అరబ్బు కట్టడాల పోలికలో దీన్ని మొదలుపెట్టింది. డబ్బు చాలక సభామందిరాన్ని సినిమా వ్యాపారి విలియం ఫాక్స్‌కు లీజుకిచ్చింది. వాల్‌స్ట్రీట్ కుప్పకూలిన రెండు నెలలకే, 1929 డిసెంబరు 25న తలుపులు తెరుచుకున్నాయి. మూడేళ్లు తిరక్కుండానే దివాలా!

తర్వాత పుంజుకుని దశాబ్దాలపాటు కిటకిటలాడింది. లోపల సీట్లు 4,600 పైచిలుకు. కూర్చుంటే వెన్నెల రాత్రి కోట ముంగిట ఉన్నట్టే. నీలి పైకప్పులో 96 స్ఫటిక నక్షత్రాలు, వాటిలో కొన్ని మిణుకుమిణుకుమంటాయి. 3,622 గొట్టాల ఆర్గాన్ వాద్యానికి ముద్దుపేరు ‘మైటీ మో’. అంత వైభవంలోనూ నల్లజాతి ప్రేక్షకులకు వేరే టికెట్ కౌంటర్, బయటి మెట్లు, పైన గ్యాలరీ. 1962 దాకా అదే తీరు.

టీవీలొచ్చి, జనం శివార్లకు తరలిపోయాక గల్లా వెలవెలబోయింది. 1975 జనవరిలో సినిమాలు ఆగిపోయాయి. హాలును కూల్చి తన ప్రధాన కార్యాలయం కట్టుకుంటానని సదరన్ బెల్ టెలిఫోన్ కంపెనీ ముందుకొచ్చింది. ఊరు ఊరంతా ‘సేవ్ ద ఫాక్స్’ అంటూ కదిలింది. అయితే గట్టెక్కించింది నినాదాలొక్కటే కాదు. అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ అనే లాభాపేక్షలేని సంస్థ పుట్టింది. కంపెనీకి పక్క స్థలం దక్కేలా బేరం కుదిర్చి, అప్పు చేసి హాలు కొంది. 1978లో గడువుకు ముందే ఆ అప్పు తీర్చేసింది.

తీర్చగలగడానికి కారణం స్టేజీ. తెర ఒక్కటే కాకుండా పెద్ద రంగస్థలం, వాద్యబృందానికి చోటు, మేకప్ గదులు మొదటినుంచీ ఉన్నాయి. ఒకప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరా ఏటా వచ్చి ఇక్కడే ప్రదర్శనలిచ్చేది. 1976లో లినర్డ్ స్కినర్డ్ రాక్ బృందం లైవ్ ఆల్బమ్ ఇక్కడే రికార్డు చేసింది. పాప్ గాయకుడు ప్రిన్స్ చివరి కచేరీలకు 2016 ఏప్రిల్ 14న ఇదే వేదిక. వారానికే ఆయన కన్నుమూశారు. బ్రాడ్‌వే నాటకాలు, పాటకచేరీలు నేటికీ సాగుతున్నాయి. వేసవిలో పాత సినిమాలూ వేస్తారు.

ఇప్పుడు ఫాక్స్ తన అనుభవంతో జార్జియా రాష్ట్రంలోని ఇతర పాత థియేటర్లకూ చేయూతనిస్తోంది. మన ఊళ్లలోనూ సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పలుగు దించే ముందు, ఆ హాల్లో ఓ నాటకమో కచేరీయో పెట్టి టికెట్లు అమ్మి చూడండి.