పొలిమేర దాటిన బాట

సైకిలుబాట వేయుట గొప్ప పని కాదు. నాలుగు గజముల వెడల్పున నేలను చదును చేసి తారు పోసినచో బాట యగును. చిక్కంతయు పొలిమేర యొద్ద వచ్చును. ఒక పురపాలక సంఘము తన హద్దు వరకు చక్కని బాట వేసి చేతులు దులుపుకొనును. అవతలి ఊరివారికి ఆ సంగతియే పట్టదు. బడికి పోవు బాలుడుగాని, కచేరీకి పోవు ఉద్యోగిగాని ఊళ్ల హద్దులు చూచుకొని బయలుదేరరు గదా! మూడు మైళ్లు హాయిగా సాగిన పిమ్మట లారీలు పరుగెత్తు రోడ్డులోనికి దిగవలసి వచ్చునన్నచో ఏ తల్లియు తన బిడ్డకు సైకిలు ఇచ్చి పంపదు. తెగిన చోటు ఒక్కటియే బాగున్న మైళ్లన్నిటి విలువను తీసివేయును.

ఇరుగుపొరుగు ఊళ్లు ఈ చిక్కును విడదీసికొనిన తీరునకు అమెరికాలో బోస్టన్ నగరమునకు వాయవ్యమున నున్న మినిట్‌మాన్ బాట మంచి ఉదాహరణము. 1775లో ఆంగ్లసేనల నెదుర్కొనుటకు నిమిషములో తుపాకి పట్టి బయలుదేరగలిగిన గ్రామరక్షకులను మినిట్‌మెన్ అనెడివారు. ఆ పేరే దీనికి పెట్టిరి. కేంబ్రిడ్జి అంచున గల ఏల్‌వైఫ్ స్టేషను మొదలు ఆర్లింగ్టన్, లెక్సింగ్టన్ ఊళ్ల మీదుగా బెడ్‌ఫర్డ్ వరకు ఇది సుమారు 10 మైళ్లు సాగును. పిల్లలను చూడబోయి ఆ ప్రాంతమున నెలల తరబడి ఉండి వచ్చిన మన పెద్దలలో కొందరు సాయంకాలములందు దీని మీద నడచియే యుందురు.

ఈ బాట పాత రైలుకట్ట మీద వెలసినది. 1846లో లెక్సింగ్టన్ వరకు రైలు వచ్చినది. తరువాత దానిని పొడిగించిరి. రైలుమార్గమునకు కావలసిన నేల విచిత్రమైనది. వెడల్పు కొద్ది గజములు, పొడవు మైళ్ల కొలది. ఎందరి పొలముల నుండియో, ఎన్ని పెరళ్ల వెనుక నుండియో ముక్కముక్కగా సేకరించి అతికిన పట్టీ అది. పైగా ఆవిరియంత్రము నిటారైన మెట్ట నెక్కలేదు. కావున కట్టను మిక్కిలి మెల్లని వాలుతో పోసిరి. వృద్ధులకు, పసివారికి సైకిలు తొక్కుటకు అంతకంటె అనువైన నేల దొరకదు.

1977 జనవరిలో ప్రయాణికుల బండ్లు ఆగిపోయినవి. 1981లో సరకుబండ్లును నిలిచినవి. అసలు ప్రమాదము అప్పుడే వచ్చును. బండి నడవని కట్టను తునకలుగా అమ్మినచో ఒకచోట గిడ్డంగి లేచును, ఒకచోట కార్లు నిలుపుదురు, మరియొకచోట పెరటి కంచె ముందునకు జరుగును. నడుమ రెండువందల గజములు చేయి దాటిన చాలును, కడమదంతయు పనికిరాదు. ఆ కాలమున కూర్చిన పట్టీని నేటి ధరలకు మరల కూర్చుట ఏ ఊరి తరమును కాదు.

ఇట్టి నష్టమును నివారించుటకు అమెరికా కాంగ్రెసు 1983లో చట్టమును సవరించినది. వాడుక తప్పిన మార్గము ఎప్పటికైనను రైలునకే అక్కరకు రావచ్చును. కావున దానిని తునుగనీయక నిలిపి, బాధ్యతయు పన్నులును వహించువారు ముందునకు వచ్చినచో అంతవరకు బాటగా వాడుకొననీయవచ్చునని దాని సారాంశము. దీనిని రైలు బ్యాంకింగ్ అందురు. ప్రక్కనున్న భూస్వాములు కొందరు ఒప్పుకొనలేదు. రైలు నడుపుటకు దారి ఇచ్చితిమే గాని నేల ఇయ్యలేదు, రైలు పోయినచో నేల మాదే గదా యని వారి వాదము. అది తోసివేయదగిన వాదమేమియు కాదు. 1990లో సుప్రీంకోర్టు చట్టమును నిలబెట్టినది. అయినను నష్టపరిహారము కోరుకొను మార్గమును మూయలేదు. అదియే న్యాయమని మా అభిప్రాయము.

మినిట్‌మాన్ మార్గమును 1991లో ఈ చట్టము క్రింద భద్రపరచిరి. 1993 నాటికి బాట పూర్తియైనది. ప్రతి ఊరును తన హద్దులోని భాగమును తానే చూచుకొనును. తొక్కువానికి మాత్రము అది ఒక్కటే బాట. దీని తూర్పుకొన భూగర్భ రైలు స్టేషనును తాకుట మరియొక మేలు. 1985లో తెరచిన ఆ స్టేషనులో సైకిలు నిలిపి, రైలెక్కి బోస్టన్‌లో పనికి పోవచ్చును. అట్లు కానిచో ఇది ఆదివారపు విహారమునకు మాత్రమే మిగిలి యుండును.

లోపమును చెప్పవలెను. ఆర్లింగ్టన్ నడిబొడ్డున పాత రైలుమార్గము మసాచుసెట్స్ అవెన్యూను ఏటవాలుగా దాటెడిది. బండి వచ్చునప్పుడు వీధివారు ఆగెడివారు, సైకిలునకు ఎవరాగుదురు? అక్కడ బాట తెగుచున్నది. తొక్కువారు వీధిలోనికి వచ్చి, దీపముల యొద్ద వేచి, ఆవలిప్రక్క మరల కట్టను పట్టుకొనవలసి యున్నది.